ఒకటో తరగతి సీటుకి మెరిట్ ఏంటండీ బాబూ?

(కాలువ గట్టు మీద నిలబడి, వెనకాల లాకులు కనబడేలా)

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, మా కోనసీమలో టీ కొట్టు దగ్గరైనా పెళ్ళి పందిట్లోనైనా ఒకటే గోల. "ప్రైవేటు స్కూళ్ళలో పాతిక శాతం సీట్లు లాటరీ తీసి ఇచ్చేస్తున్నారంటండీ. మరి మెరిట్ ఉన్న పిల్లలు ఏమైపోవాలి?"

ఐదారేళ్ళ పిల్లాడికి మెరిట్ ఏంటండీ? ఏ చెప్పు ఏ కాలికో కూడా సరిగ్గా తెలీదు వాడికి.

ఈ పాతిక శాతం 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద పేద, వెనకబడిన పిల్లలకి ఉచితంగా ఇచ్చే సీట్లు. మిగతా వివరాలు వదిలేస్తున్నా. ఆ చట్టంలో పెద్దగా ఎవరూ తిరగెయ్యని సెక్షన్ 13 చూద్దాం. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లాడికి గానీ, తల్లిదండ్రులకి గానీ ఏ రకమైన వడపోతా పెట్టకూడదు అంటుంది. వడపోత అంటే ఏంటో కూడా చట్టమే చెప్పింది: ఒకరిని కాదని ఇంకొకరిని తీసుకోవడానికి, లాటరీ లాంటి పద్ధతి తప్ప, వాడే ఏ పద్ధతైనా. అంటే లాటరీ అనేది అధికారులు బద్ధకించి పెట్టింది కాదు. చట్టం ఒప్పుకున్న పద్ధతే అది.

ఇంకో సంగతి. ఈ సెక్షన్ ఆ పాతిక శాతానికే కాదు, ఫీజు కట్టి చేరే పిల్లలకీ వర్తిస్తుంది. మరి మిగతా 75 శాతం సీట్లు మెరిట్‌తో వచ్చాయా? ఫీజుతో వచ్చాయి. దాని గురించి ఒక్కరూ నోరెత్తరు! సరే, నా కోపం పక్కన పెడతాను.

(కెమెరా కాలువ వైపు తిప్పాలి)

ఇద్దరు రైతుల్ని అనుకుందాం. ఒకాయన పొలం ఆత్రేయపురం దగ్గర, కాలువ నీళ్ళని మళ్ళించే లొల్ల లాకులకి కూతవేటు దూరం. ఇంకొకాయనది కాట్రేనికోన అవతల, ఉప్పుగాలి కొట్టే శివారు భూమి, అంటే కాలువ చిట్టచివర ఉన్నది. ఇద్దరూ వేసింది మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి రకమే. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, కాలువలు వదిలిన కొద్ది రోజులకే పైన ఆయన నారుమడి పోసేస్తాడు. కింద ఆయన బోదెలోకి నీరు ఎప్పుడొస్తుందా అని గట్టు మీద కూర్చుంటాడు. నాట్లు ఆలస్యం, కోతలూ ఆలస్యం. ఈలోగా తుపాను వస్తే పనలు నీళ్ళలో. గట్టి వాన పడితే ఎగువ మురుగంతా వచ్చి ఆయన చేలోనే చేరుతుంది. పైన ఎకరానికి 35 బస్తాలు, కింద 27 అయ్యాయనుకోండి. ఎవరు మంచి రైతు?

35 అన్నారా? కాసేపు ఆగండి.

ఈ గోదావరి డెల్టాలో ఆయకట్టు, అంటే కాలువ నీళ్ళు పారాల్సిన భూమి, 10 లక్షల ఎకరాల పైమాటే. ఆయకట్టులో పేరున్న ప్రతి ఎకరానికీ నీళ్ళు హక్కు. కాలువ నీళ్ళు వదిలే లస్కరు వచ్చి, "పోయిన ఏడాది ఎక్కువ పండించినవాళ్ళకే ఈసారి తూము ఎత్తుతాను" అంటే ఊరుకుంటారా? ఊరు ఊరంతా లాకుల మీదకి వెళ్ళిపోరూ? నీళ్ళ దగ్గర ఎవరం మెరిట్ అడగం. బస్తాల లెక్క కళ్ళంలో. ఒకటో తరగతి తూము దగ్గర ఉంది, కళ్ళంలో కాదు. మా వాళ్ళకి పొలం విషయంలో ఇంత బాగా తెలిసిన న్యాయం, బడి గేటు దగ్గరకొచ్చేసరికి ఎందుకు మర్చిపోతారో నాకర్థం కాదు.

"సరే, చిన్న పిల్లల సంగతి ఒప్పుకున్నాం. కళ్ళం దగ్గరైనా, అంటే పై చదువుల సీట్ల దగ్గరైనా మార్కులే చూడాలి కదా" అంటారు. చూడాలి. కానీ 27 బస్తాలు ఏ భూమిలో పండాయో కూడా చూడాలి. మన నూజివీడు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల అదే చేస్తారు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి పదో తరగతి మార్కుల మీద డిప్రివేషన్ స్కోరు అని కొంచెం కలుపుతారు. జాలితో వేసే మార్కులు కావండీ అవి, శివారు భూమి లెక్క. కోచింగు, ఇంట్లో చదువుకున్న అమ్మానాన్న, ట్యూషను మాస్టారు, ఇవన్నీ పై పొలానికి ముందే పారిన నీళ్ళు. డాక్టర్ల పై చదువులకి పెట్టే నీట్ పీజీ సీట్ల కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఈ దారిలోదే. పరీక్ష మార్కుల వెనకాల ఇలాంటి అండదండలుంటాయి, కాబట్టి మెరిట్‌ని సామాజిక పరిస్థితుల్లో పెట్టి చూడాలి అంది.

అలాగని పైన రైతు కష్టపడలేదని నేను అనడం లేదు. పడ్డాడు. 35లో ఆయన చెమటా ఉంది, లాకుల పక్కన ఉండటమూ ఉంది. మొదటిది ఒప్పుకుని రెండోది దాచేస్తేనే నాకు మండుతుంది.

(టైము చూసుకుని) అమ్మో, చాలాసేపైంది. మిగతావి గబగబా.

ఈ హక్కు 2009లో ఊడిపడింది కాదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులోనే, 14 ఏళ్ళ లోపు చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశే. మొదలైందేమో ప్రైవేటు కాలేజీల ఫీజుల గొడవతో. తర్వాత 2002లో రాజ్యాంగ సవరణతో 21ఏ అధికరణంగా ఆ హక్కు రాజ్యాంగంలోకే ఎక్కింది. పాతిక శాతం సీట్లు చెల్లవని యాజమాన్యాలు కోర్టుకెళ్తే, 2012లో ఒకసారి, 2014లో ఇంకోసారి చెల్లుతాయనే తేల్చారు, మైనారిటీ సంస్థల్ని మాత్రం మినహాయించి. మన రాష్ట్రంలో ఈ సీట్లు నిజంగా ఇవ్వడం మొదలైంది 2022-23 నుంచి. చట్టం అమల్లోకొచ్చిన 2010 నుంచి లెక్కేస్తే, కాలువ తవ్విన పన్నెండేళ్ళకి శివారుకి నీళ్ళన్నమాట.

పాతిక ఎలా పంచుతారంటే: అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి 5, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, బీసీ, మైనారిటీ, ఓసీల్లో పేదలకి 6. అంటే ఓసీల్లో పేదవాళ్ళకీ ఉంది. చాలామందికి ఇది తెలీక అసలు అప్లై చెయ్యడం లేదు.

ఆఖరిది. లాటరీలో పేరొచ్చాక, "ఒకసారి బాబుని తీసుకురండి, చిన్న ఇంటర్వ్యూ ఉంది" అని స్కూలువాళ్ళు ఫోన్ చేస్తే టెన్షన్ పడకండి. సెక్షన్ 13 అనండి. మొదటిసారికి 25 వేల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా వాళ్ళకే. పుస్తకాలు, యూనిఫాం, బస్సు పేరుతో జరిగే వసూళ్ళ సంగతి పెద్ద కథ, అది వచ్చే వీడియోలో.