ఎంటర్ నొక్కిన తర్వాత: మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ దారి మారితే వేగం ఏమవుతుంది?

(భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, ఇంటి నుంచి మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగాలు చేస్తున్నవారు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, పిల్లలకు, అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సగం మంది కాలేజీ పిల్లలు. మిగతా సగం రాత్రంతా అమెరికా క్లయింటు పని చేసి, నిద్ర సరిపోకపోయినా వచ్చినవాళ్లు. ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం, అవతల ఒడ్డున రాజోలు, అమలాపురం దాకా ఇవాళ మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రక్షణ ఉన్న దారి) వేసుకుని, ఎక్కడో ఉన్న మెయిన్‌ఫ్రేమ్ మీద, అంటే బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు వాడే పెద్ద కంప్యూటర్ మీద, దాని జెడ్‌ఓఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిచేసేవాళ్లు ఉన్నారు. వైటూకే రోజుల్లో మన జిల్లాల కుర్రాళ్లు మెయిన్‌ఫ్రేమ్ మీద వాడే కోబాల్, జేసీఎల్ భాషలు, ట్రాన్సాక్షన్లు నడిపే సీఐసీఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకునేవారు. ఇప్పుడు ఇంట్లో అమ్మ చేతి భోజనం తింటూ అదే పని చేస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

అయితే వాళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఫైబర్ ప్లాన్ 40 ఎంబీ నుంచి 100 ఎంబీకి మార్చాను. సినిమాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. టీఎస్‌ఓ మాత్రం అలాగే నత్తనడక. ఎందుకు?" టీఎస్‌ఓ అంటే మెయిన్‌ఫ్రేమ్‌లోకి లాగాన్ అయి మనం పనిచేసే చోటు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న మీదే. టెర్మినల్‌ని మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపే దారి మారితే, అక్కడ ప్రోగ్రాంలో ఒక్క లైను కూడా మారకపోయినా, ఇక్కడ కూర్చున్న మనిషికి వేగం మారిపోతుంది. ఆ మార్పు హోస్ట్ రిపోర్టుల్లో, అంటే మెయిన్‌ఫ్రేమ్ వైపు రిపోర్టుల్లో, కనపడదు. కీబోర్డు దగ్గర కొలిచినవాడికే కనపడుతుంది.

ముందు 3270 అనే మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ గురించి కొంచెం చెప్పాలి, పిల్లల కోసం. ఐబీఎం దీన్ని 1971లో తెచ్చింది. యూనిక్స్ టెర్మినల్‌లో ఒక్కో అక్షరం కొట్టగానే అది కంప్యూటర్‌కి పోతుంది. 3270లో అలా కాదు. స్క్రీన్ మొత్తం టెర్మినల్ దగ్గరే ఉంటుంది. మీరు పేరు కొడతారు, ఖాతా నంబరు కొడతారు, తప్పు దిద్దుకుంటారు. ఇదంతా హోస్ట్‌కి తెలియదు. ఎంటరో, పీఎఫ్ కీనో నొక్కినప్పుడు మాత్రమే, ఏ కీ నొక్కారో చెప్పే ఒక బైటు, కర్సర్ ఎక్కడుందో, మీరు ముట్టుకున్న ఫీల్డుల్లో ఏముందో, అంతవరకే బయల్దేరుతుంది. మీరు మార్చని ఫీల్డులు వెళ్లవు. పైకి పోయేది తరచుగా కొన్ని పదుల బైట్లు. కిందికి వచ్చేది మామూలు స్క్రీన్‌కి 24 వరసలు, 80 నిలువు గళ్లు, అంటే 1920 అక్షరాలు, వాటితో పాటు ఫీల్డులను గుర్తుపెట్టే కొద్ది బైట్లు. ఎంత పొదుపుగా కట్టారో చూడండి. యాభై ఏళ్లు దాటినా ఈ డిజైన్ నిలబడిందంటే ఆ పొదుపు వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎందుకంత పొదుపు? అప్పటి లైన్లు అలాంటివి. బ్రాంచి ఆఫీసుకి సెకనుకి 9600 బిట్ల లీజ్డ్ లైను ఉంటే, అంటే 1200 బైట్లు, నిండు స్క్రీన్ దిగడానికి 1.6 సెకన్లు పట్టేది. పైగా ఆ లైను మీద ఇంకో నాలుగు టెర్మినళ్లు వంతుల కోసం కాచుకుని ఉండేవి. అదే హెడ్డాఫీసులో మెయిన్‌ఫ్రేమ్ ఉన్న బిల్డింగులోనే కూర్చున్నవాళ్లకి కోయాక్స్ కేబుల్, కంట్రోలర్ పెట్టె, అక్కణ్ణుంచి మెయిన్‌ఫ్రేమ్‌కి నేరుగా కలిసే ఛానెల్. వాళ్లకి స్క్రీన్ రెప్పపాటులో మారేది. రిమోట్ లైన్ల పనంతా, ఎవరి వంతు అని అడగడం, పాడైన ఫ్రేమును (డేటా ముక్కను) మళ్లీ పంపించుకోవడం, 3705, 3725, 3745 లాంటి కమ్యూనికేషన్ కంట్రోలర్లలో ఎన్‌సీపీ అనే ప్రోగ్రాం చూసుకునేది. మెయిన్‌ఫ్రేమ్‌కి శుభ్రం చేసిన మెసేజ్ చేతికి అందేది. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1974లో వచ్చిన ఎస్‌ఎన్‌ఏ అనే ఐబీఎం నెట్‌వర్క్ పద్ధతి మీద ఇదంతా నడిచింది. తర్వాత ఇంటర్నెట్ నడిచే టీసీపీ-ఐపీ వచ్చింది. 3270 డేటాను టెల్‌నెట్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌కి కలిపే పద్ధతి) మీద మోయించే పద్ధతి టీఎన్3270. దాన్ని మెరుగుపరచిన టీఎన్3270ఈ 1994లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రం) 1647గా, 1998లో 2355గా వచ్చింది. పెట్టెలు పోయాయి, కోయాక్స్ పోయింది, టెర్మినల్ పోయి దానిలా నటించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. లైన్ల వెడల్పు వేల రెట్లు పెరిగింది. మరి వేగం కూడా అన్ని రెట్లు పెరగాలి కదా?

పెరగలేదు. మన డెల్టా మనిషికి దీన్ని కాలువతో చెబితే చాలు. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తగానే శివారు ఆయకట్టుకు నీరు రాదు. ప్రయాణానికి పట్టే టైము పడుతుంది. కాలువ వెడల్పు చేస్తే వచ్చే నీరు ఎక్కువవుతుంది, దూరం మాత్రం తగ్గదు. 3270కి కావాల్సింది రెండు మూడు వేల బైట్లు. 40 ఎంబీ లైను దానికి ఎప్పుడో ఎక్కువైపోయింది. మిగిలింది దూరం ఒక్కటే.

ఆ దూరం లెక్క వేద్దాం. భీమవరం నుంచి అమెరికా తూర్పు వైపుకి సూటిగా గీత గీస్తే సుమారు 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి 26 వేలు, అంటే 130 మిల్లీసెకన్లు. ఇంతకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదు. సముద్రం కేబుళ్లు సూటిగా వెళ్లవు, మధ్యలో రౌటర్లు, వీపీఎన్ ఉంటాయి, కాబట్టి 200 నుంచి 300 మామూలు. లెక్కకి 250 అనుకుందాం. ఇప్పుడు అడగాల్సింది, ఒక పని పూర్తి కావడానికి ఎన్నిసార్లు వెళ్లి రావాలి అని.

లాగాన్‌నే తీసుకోండి. టీసీపీ కనెక్షన్‌కి ఒకసారి. టీఎల్‌ఎస్ 1.2 అనే ఎన్‌క్రిప్షన్ అయితే ఇంకో రెండుసార్లు. ఆ తర్వాత "నీకు టీఎన్3270ఈ వచ్చా?" "వచ్చు." "ఏ మోడల్ టెర్మినల్?" "ఇది." "ఏయే సౌకర్యాలు కావాలి?" "ఇవి." ఈ బేరం ఒక మూడుసార్లు. మొదటి స్క్రీన్ కనపడే లోపే ఆరేడు రాకపోకలు. 250 మిల్లీసెకన్ల చొప్పున ఒకటిన్నర సెకన్ల పైమాట. అదే ఆఫీసు లాన్‌లో (బిల్డింగు లోపలి నెట్‌వర్క్‌లో), ఒక మిల్లీసెకనులో వెళ్లి వచ్చే చోట, ఇదంతా కంటికి ఆనదు. అందుకే డేటా సెంటర్ పక్కన కూర్చుని టెస్ట్ చేసి "అంతా బాగుంది" అని సంతకం పెట్టేసిన మార్పు, ఇక్కడ మనకి టెన్షన్ తెచ్చిపెడుతుంది.

లాగాన్ రోజుకి ఒకట్రెండుసార్లే కాబట్టి సర్దుకుపోవచ్చు. అసలు ఇబ్బంది ప్రతి ఎంటర్‌కీ అదనంగా పడే రాకపోక. ఎస్‌ఎన్‌ఏలో డెఫినిట్ రెస్పాన్స్ అని ఒకటుంది. పంపిన మెసేజ్ టెర్మినల్‌కి చేరిందని కబురు వచ్చేదాకా పంపినవాడు ఆగుతాడు. సీఐసీఎస్‌లో ప్రొఫైల్ డెఫినిషన్‌లో ఎంఎస్‌జీఇంటెగ్ ఆప్షన్‌కి యెస్ పెడితే ఇదే జరుగుతుంది. కోయాక్స్ రోజుల్లో ఆ ఆగడం ఎవరికీ తెలియలేదు కాబట్టి, అవసరం లేనిచోట కూడా కొందరు యెస్ పెట్టి వదిలేశారు. దారి మారింది, ఆ యెస్ అలాగే ఉండిపోయింది. ఒక ట్రాన్సాక్షన్ మూడు మెసేజ్‌లు పంపితే మూడుసార్లు సముద్రం దాటి రావాలి. డబ్బు లావాదేవీలు ప్రింటయ్యే చోట అది ఉండాల్సిందే. వట్టి ఎంక్వైరీ స్క్రీన్‌కి ఎందుకు?

ఇంకో జబ్బు ఉంది. ఇది దూరం లేకపోయినా పట్టుకుంటుంది. నేను పనిచేసిన చోట్లలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ హెడ్డాఫీసులో కోయాక్స్ తీసేసి, లాన్ మీద పీసీలకీ హోస్ట్‌కీ మధ్య ఒక గేట్‌వే పెట్టారు. హోస్ట్ అదే, బిల్డింగ్ అదే. వారం తిరక్కుండా పాలసీలు ఎంటర్ చేసే ఆడవాళ్లు, కీబోర్డు చూడకుండా కొట్టేవాళ్లు, "కీబోర్డు బరువెక్కిందండీ" అనడం మొదలెట్టారు. హోస్ట్ రిపోర్టు తీస్తే రెస్పాన్స్ టైము పాతదే. "మీ అలవాటు అంతే" అని వాళ్ల మాట కొట్టిపారేశారు. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ప్యాకెట్ ట్రేస్, అంటే లైను మీద పోయే ప్యాకెట్ల చిట్టా, తీస్తే కారణం దొరికింది. గేట్‌వే ఒక స్క్రీన్‌ని రెండు ముక్కలుగా రాస్తోంది. మొదటి ముక్క వెళ్లింది. రెండోది చిన్నది. చిన్న ప్యాకెట్లతో నెట్‌వర్క్ నిండిపోకుండా జాన్ నేగల్ 1984లో ఆర్‌ఎఫ్‌సీ 896లో చెప్పిన పద్ధతి ఏమంటుందంటే, ముందు పంపినదానికి అక్‌నాలెడ్జ్‌మెంట్ (అక్), అంటే అందిందన్న కబురు, వచ్చేదాకా చిన్న ముక్కని ఆపు అని. ఇటు పీసీ ఏమంటుంది? ఒక్క ప్యాకెట్‌కే అక్ ఎందుకు, ఇంకోటి వస్తుందేమో చూసి కలిపి పంపుదాం అని 200 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ కాచుకుని కూర్చుంటారు. దేనికదే మంచి పద్ధతి, రెండూ కలిస్తే ప్రతి స్క్రీన్‌కీ 200 మిల్లీసెకన్ల శిక్ష. గేట్‌వేలో నేగల్ ఆపేసి, స్క్రీన్ మొత్తాన్ని ఒకేసారి రాయించాక కీబోర్డు మళ్లీ తేలికైంది. రెస్పాన్స్ టైముల్లో చాలా భాగం 200 దగ్గర గుంపు కట్టి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

200 మిల్లీసెకన్లకే ఇంత గోలా అనకండి. 1982లో ఐబీఎంలో డోహర్టీ, థడానీ అని ఇద్దరు దీని మీద రాశారు. జవాబు త్వరగా వస్తే మనిషి తర్వాతి ఆలోచన కూడా త్వరగా చేస్తాడు, కంప్యూటర్ ఆగితే మనిషి ధ్యాస కూడా తెగిపోతుంది అని. రోజంతా ఎంటర్ కొట్టే మనిషి దగ్గర పది నిమిషాలు నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

వీపీఎన్ వాడే మీకోసం ఇంకొకటి. లాగాన్ స్క్రీన్ వస్తుంది. టీఎస్‌ఓలోని ఐఎస్‌పీఎఫ్ మెయిన్ మెనూ వస్తుంది. డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు) తెరిచి నిండు స్క్రీన్ అడగ్గానే కింద వరసలో ఎక్స్, గడియారం బొమ్మ పడి అలాగే ఉండిపోతుంది. మళ్లీ కనెక్ట్ అయితే మళ్లీ అదే చోట. మీలో చాలామంది దీన్ని "మెయిన్‌ఫ్రేమ్ స్లో" అంటారు. పాపం మెయిన్‌ఫ్రేమ్‌ది ఏ తప్పూ లేదు. ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు. వీపీఎన్ తన హెడర్లు తగిలించేసరికి లోపల 1400 చిల్లర మిగులుతుంది. హోస్ట్ నిండు ప్యాకెట్ పంపి, "ముక్కలు చేయొద్దు" అని గుర్తు పెడుతుంది. మధ్యలో రౌటర్ "ఇది పట్టదు, చిన్నది పంపు" అని కబురు పెడుతుంది. ఫైర్‌వాల్ ఆ కబురును మింగేస్తుంది. హోస్ట్ అదే ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. 27 వరసలు, 132 గళ్ల మోడల్ 5 పెట్టుకున్నవాళ్లకి, అంటే 3564 అక్షరాల స్క్రీన్ వాళ్లకి, ఇది ఎక్కువగా తగులుతుంది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి "స్లోగా ఉంది" అనకండి. "చిన్న స్క్రీన్లు వస్తున్నాయి, పెద్దవి ఆగిపోతున్నాయి, వీపీఎన్‌లో ఎంటీయూ, ఎంఎస్‌ఎస్ చూడండి" అనండి. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో చెప్పే హద్దులు అవి. పని ఒక్క పూటలో అవుతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, మన ఊళ్లలో అది తప్పదు. గాలివాన వస్తే రౌటర్ ఆగుతుంది. పాత రోజుల్లో టెర్మినల్ ఆపేస్తే కంట్రోలర్ వెంటనే హోస్ట్‌కి చెప్పేది. టీసీపీలో ఎవరూ చెప్పరు. హోస్ట్ దృష్టిలో మీరు ఇంకా ఉన్నారు. తిరిగి వచ్చి లాగాన్ కొడితే యూజర్ ఐడీ ఇన్ యూజ్ అంటుంది. లాగాన్ ప్యానెల్‌లో రీకనెక్ట్ ముందు ఎస్ పెట్టి చూడండి. హోస్ట్ వైపు టెల్‌నెట్ సర్వర్ అప్పుడప్పుడు "ఉన్నావా?" అని పలకరించి చచ్చిన సెషన్లను ఏరేస్తుంది. ఆ పలకరింపు మరీ దగ్గర దగ్గరగా పెడితే వేల సెషన్లకి ఉత్త ప్యాకెట్ల బరువు. మరీ దూరం పెడితే మీ సెషన్ గంటలు వేలాడుతుంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఎన్‌సీపీ దగ్గరికి వద్దాం. ఆ పెట్టె తీసేసినప్పుడు దాని పని కూడా పోయిందని చాలా చోట్ల మేనేజర్లు అనుకున్నారు. ఆ పనిలో పెద్ద వాటా మెయిన్‌ఫ్రేమ్ నెత్తి మీదికే వచ్చింది. ప్యాకెట్లు విప్పడం, పోయినవి మళ్లీ పంపడం, టెల్‌నెట్ మాటను వీటామ్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్‌ఎన్‌ఏ నడిపే సాఫ్ట్‌వేర్) మాటలోకి మార్చడం, ఇప్పుడు టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్, అన్నీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ బిల్లు లెక్కకట్టే ప్రాసెసర్ చుట్టూనే. ఒకసారి కలిసిన సెషన్‌లో డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడం తేలిక, చిప్‌లోనే దానికి హార్డ్‌వేర్ ఉంది. బరువంతా హ్యాండ్‌షేక్‌లో, అంటే మొదట కలిసేటప్పుడు జరిగే బేరంలో, ఉంటుంది. సోమవారం పొద్దున్న అందరూ ఒకేసారి లాగాన్ అయినప్పుడు, నెట్‌వర్క్ ఒక్కసారి పడి లేచి వేలమంది ఒకేసారి తిరిగి వచ్చినప్పుడు ఇది కనపడుతుంది. క్రిప్టో కార్డులు, సెషన్ రిజంప్షన్ (పాత బేరాన్నే మళ్లీ వాడుకోవడం) ముందే చూసుకోవాలి. ఎన్‌క్రిప్షన్ మానేద్దామని మాత్రం ఎవరూ అనకండి. మామూలు టెల్‌నెట్‌లో మీ పాస్‌వర్డ్ దారంతా తెరిచి ఉంటుంది.

ఇక కొలత. సీఐసీఎస్ రాసే ఎస్‌ఎంఎఫ్ 110 అనే లెక్కల రికార్డు టాస్క్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా చెబుతుంది. మీ ఎంటర్‌కీ ఆ టాస్క్‌కీ మధ్య దారి దానికి తెలియదు. పాత 3174 కంట్రోలర్‌లో రెస్పాన్స్ టైమ్ మానిటర్ ఉండేది, టెర్మినల్ పక్కనే కొలిచేది. దారి మార్చినప్పుడు వేగంతో పాటు ఆ కొలతబద్ద కూడా పోయింది. ఆ లోటు తీర్చడానికే 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2562 వచ్చింది. జెడ్‌ఓఎస్ టెల్‌నెట్ సర్వర్‌లో సెషన్‌కి ఐపీ వైపు ఎంత, ఎస్‌ఎన్‌ఏ వైపు ఎంత అని విడగొట్టి చూడొచ్చు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. క్లయింటు దగ్గర నుంచి జవాబు రప్పించుకుంటేనే ఐపీ వైపు టైము తెలుస్తుంది, అంటే కొలవడానికే కొంత ట్రాఫిక్ పెరుగుతుంది. అందరికీ పెట్టకుండా కొన్ని బ్రాంచీలకి, కొందరు ఇంటి యూజర్లకి పెడితే చాలు.

మార్పుకి ముందు వారం, తర్వాత వారం, అవే ట్రాన్సాక్షన్లు, అదే టైములో కొలవండి. సగటు చూసి సరిపెట్టుకోవద్దు. సగటు బాగున్నా ఇరవైలో ఒకటి మూడు సెకన్లు ఆగితే మనిషికి గుర్తుండేది ఆ ఒకటే. డేటా సెంటర్‌లో కొలిచిన అంకెతో పాటు నరసాపురంలో ఒక ఇంట్లో కొలిచిన అంకె కూడా పక్కన పెట్టండి. ముందు కొలత లేకుండా దారి మార్చేస్తే, తర్వాత ఎవరు కంప్లయింట్ చేసినా చూపించడానికి ఏమీ ఉండదు, పని చేసేవాళ్ల మాటకి విలువా ఉండదు. అది నాకు బాధ కలిగించే విషయం.

వెబ్ పేజీల వెనక 3270 స్క్రీన్లు నడిచే పద్ధతి మీద విడిగా ఒక పూట మాట్లాడాలి. ఇప్పటికి ఒక్క మాట. ఒక వెబ్ పేజీ కోసం వెనక ఆరు స్క్రీన్లు దాటాల్సి వస్తే, ఆ దాటించే సర్వర్‌ని మెయిన్‌ఫ్రేమ్ పక్కనే పెట్టించండి. ఆరు రాకపోకలు అక్కడే తేలిపోతాయి, సముద్రం మీద ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు ప్రొజెక్టర్ ఆన్ చేయండి బాబూ. నా ల్యాప్‌టాప్‌లో తయారుచేసిన ఒక టీఎన్3270 ట్రేస్ ఉంది, రెండు ముక్కలుగా రాసే గేట్‌వేది. టైము కాలమ్ పట్టుకుని ఒక్కో ప్యాకెట్ దిగుతూ, ఆగిపోయింది ఎవరి వైపో చూద్దాం. ప్రశ్నలుంటే మధ్యలోనే అడగండి.