ఏ వైపూ తిప్పనక్కరలేని యాంటెన్నా

నమస్కారం. ఇదిగో, విమానాల సంకేతాలు పట్టే ఈ తెల్లని గొట్టం యాంటెన్నా పొడవు 66 సెంటీమీటర్లు. ఈ రోజంతా దీనితోనే గడిచిపోయింది. వీడియో తీయమన్నది మా నాన్న. "ఫోనులో చెబితే అర్థం కావడం లేదు, చూపించు తల్లీ" అన్నారు. అందుకని నాన్నకు చెబుతున్నట్టే చెబుతాను, మీరూ వినండి.

పెద్ద విమానాలు దాదాపు అన్నీ తామెక్కడ ఉన్నాయో తామే ప్రకటించుకుంటూ వెళ్తాయి. ఈ పద్ధతి పేరు ఏడీఎస్-బీ. జీపీఎస్ ద్వారా తెలుసుకున్న స్థానాన్ని సెకనుకు సుమారు రెండుసార్లు, 1090 మెగాహెర్ట్జ్ మీద పంపుతాయి. ఒక్కో సందేశం 112 బిట్లు, నడిచేది 120 మైక్రోసెకన్లు. దాన్ని పట్టుకోవడానికి టీవీ కోసం తయారైన చిన్న యూఎస్‌బీ రిసీవర్, ఒక చిన్న కంప్యూటర్, డంప్1090 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అవన్నీ నా దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. కొరతంతా యాంటెన్నాదే.

ఆ కొరత నాకు బాగా తెలిసింది అమ్మానాన్నలు తిరిగి వెళ్లిన రోజున. మూడు నెలలు ఉండి వెళ్లారు. వాళ్లను విమానాశ్రయంలో దింపి, పరుగున ఇంటికి వచ్చి కంప్యూటర్ తెరిచాను. వాళ్ల విమానం పటం మీద చుక్కలా కనిపించింది. అలా చూస్తుండగానే మాయమైంది. అప్పటికి 40 కిలోమీటర్లు కూడా దాటలేదు. ఇల్లు ఖాళీ, పటమూ ఖాళీ.

అప్పట్లో యాంటెన్నా గదిలోనే ఉండేది. చుక్క అంత త్వరగా పోవడానికి కారణం కిటికీ. మన ఇళ్లలో అద్దమంటే వట్టి అద్దమే. ఈ చలి దేశంలో గదిలోని వేడి బయటకు పోకుండా అద్దానికి కంటికి కనిపించనంత పలుచని లోహపు పూత పూస్తారు. వెలుతురు లోపలికి వస్తుంది, రేడియో తరంగాలు మాత్రం చాలావరకు బయటే ఆగిపోతాయి. కిటికీ రెక్క తెరిస్తే తెర మీద విమానాలు పెరిగేవి, మూస్తే తగ్గేవి. శాలువా కప్పుకుని, కిటికీ తెరుచుకుని ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో లెక్కలేదు.

ఇక ఎంపిక. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 69 మిల్లీమీటర్ల రాగి తీగను నిలువుగా నిలబెట్టి, దాని కింద అదే పొడవున్న నాలుగు తీగలను ఏటవాలుగా వంచితే చక్కని యాంటెన్నా తయారవుతుంది. ఆకారాన్ని బట్టి దీన్ని సాలీడు అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇదే చేసుకోండి, నా మాట నమ్మండి. తర్వాత నేను కేబుల్ ముక్కలను ఒకదానికొకటి అతికించి పొడవాటి యాంటెన్నా కూడా చేశాను. మామూలు కేబుల్‌లో తరంగ వేగం శూన్యంలో ఉండే వేగంలో 66 శాతమే కాబట్టి, సగం తరంగం పొడవుండాల్సిన ఒక్కో ముక్క 91 మిల్లీమీటర్లు ఉండాలి. ఎనిమిది ముక్కల్లో ఒక్కో మిల్లీమీటరు తేడా పోగైతే సాలీడే నయమనిపిస్తుంది. నాకు జరిగింది అదే.

చివరికి ఈ ఫైబర్‌గ్లాస్ గొట్టాన్ని కొన్నాను. దీని గెయిన్ 5.5 డీబీఐ (డీబీఐ అంటే గెయిన్ కొలమానం). గెయిన్ అంటే ఎక్కడినుంచో అదనంగా వచ్చే శక్తి కాదు. పిండిముద్దను అరచేత్తో నొక్కితే పక్కలకు పరుచుకుంటుంది కదా, అలా ఆకాశం వైపు వినికిడి తగ్గి దిగంతం వైపు పెరుగుతుంది. సరిగ్గా నెత్తి మీద వెళ్లే విమానం కాస్త బలహీనంగా వినిపిస్తుంది. నాకు కావలసింది దూరం కనుక ఇదే సరైనది.

"ఏ వైపు తిప్పావు?" అన్నది నాన్న మొదటి ప్రశ్న. డాబా మీద ఆయన టీవీ యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని కేక వేస్తే, కింద నుంచి నేను "రాలేదు!" అని అరిచిన రోజులు మీలో చాలామందికీ ఉండే ఉంటాయి. దాని కడ్డీలు అడ్డంగా ఉండేవి, అది ఒక్క వైపే బాగా వినేది. విమానం పంపే తరంగం నిలువుది కాబట్టి ఈ గొట్టం నిటారుగా నిలబడితే చాలు. అన్ని దిక్కులూ దీనికి సమానమే.

కేబుల్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఆర్‌జీ-174 అనే సన్నని తీగను పది మీటర్లు వాడితే, పైన పది రూపాయల సంకేతం చేరినా కింద రిసీవర్ చేతిలో పడేది ఒక్క రూపాయి. లావుపాటి ఎల్‌ఎంఆర్-400 అయితే ఏడు రూపాయలకు పైనే మిగులుతాయి. సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయర్‌ను యాంటెన్నా పక్కనే పెట్టాలి. కేబుల్ మింగేశాక పెంచితే రొద కూడా పెరుగుతుంది. దగ్గర్లో మొబైల్ టవర్ ఉంది కాబట్టి దాని సంకేతాలను ఆపే ఫిల్టర్ కూడా పెట్టాను.

బిగించడమే అసలు పని. ఇక్కడి పైకప్పు ఏటవాలు, దాని మీద నిలబడే సాహసం చేయలేదు. పక్క గోడకు బ్రాకెట్ బిగించి, దానికి గొట్టపు స్తంభం కట్టాను. కరెంటు తీగలకు దూరంగా ఉన్నానని రెండుసార్లు చూసుకున్నాకే నిచ్చెన ఎక్కాను. పక్కింటి పెద్దాయన నిచ్చెన పట్టుకున్నారు. ఇంతలో ఒక చిన్న శిక్షణ విమానం తక్కువ ఎత్తులో తిరుగుతూ వచ్చింది. ఇద్దరం పని ఆపేసి దాన్నే చూస్తూ నిలబడ్డాం. అది వెళ్లేసరికి పొద్దు వాలింది. చీకటి పడేలోపే జాయింట్లకు నీరు చొరని రబ్బరు టేపు చుట్టి, వాన నీళ్లు తీగ వెంట లోపలికి రాకుండా గోడ దగ్గర కేబుల్‌ను కిందికి వంకీ తిప్పాను. స్తంభానికి ఎర్తింగ్, కేబుల్‌కు పిడుగు రక్షణ పరికరం ముందే సిద్ధం చేయించాను.

ఎత్తు గురించి ఒక్క మాట. 35,000 అడుగుల మీద ఉన్న విమానం 9 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు లెక్క ప్రకారం సుమారు 437 కిలోమీటర్ల వరకు కనిపించాలి. యాంటెన్నా 4 మీటర్ల ఎత్తులోనే ఉన్నా 433. తేడా నాలుగే! పైకి ఎక్కించినది ఆ నాలుగు కిలోమీటర్ల కోసం కాదు, ఎదుటి ఇంటి కప్పూ చెట్లూ అడ్డు తొలగడం కోసం.

రాత్రి అమ్మానాన్నలు వెళ్లిన సర్వీసు వేళకు నాన్న ఫోను చేశారు.

"వచ్చిందా?"

"వచ్చింది నాన్నా. పైకి లేస్తోంది."

సర్వీసు సంఖ్య అదే, విమానం వేరు. ఒక్కో విమానానికి ఉండే 24 బిట్ల గుర్తింపు ఈసారి మారింది. వంద కిలోమీటర్లు, రెండు వందలు, మూడు వందలు. నాన్న లైను మీదే ఉన్నారు. 371 దగ్గర చుక్క ఆగిపోయింది.

"ఇప్పుడు పోయింది నాన్నా."

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మేము వెళ్లినప్పటి కంటే ఎంతసేపు ఎక్కువ కనిపించింది?"

"ఇరవై నాలుగు నిమిషాలమ్మా."