క్షయ క్రిమి జీవక్రియ: జన్యువుల డేటా మోడల్‌కు ఎంత మేలు చేస్తుంది?

అందరికీ నమస్కారం.

క్షయ బాక్టీరియా జన్యుపటం 1998లో వచ్చింది. అందులో దాదాపు నాలుగు వేల జన్యువులున్నాయి. ఏ జన్యువు ఏ ఎంజైమ్‌ని ఇస్తుందో, అది ఏ రసాయన చర్యను నడుపుతుందో కలిపి చూసి, 2007కల్లా ఆ క్రిమి జీవక్రియ మొత్తానికీ కంప్యూటర్ మోడళ్లు కట్టారు. బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలైతే 2005లోనే ఒక్క మైకోలిక్ ఆమ్లం తయారీకి 219 చర్యలతో మోడల్ చేశారు. క్రిమి గోడలో ఉండే కొవ్వు పదార్థం అది. ఐసోనియజిడ్ మాత్ర దెబ్బకొట్టేది దాని తయారీనే.

కణంలో ఏ పదార్థమైనా ఎంత తయారైతే అంతా ఖర్చవుతుందనుకొని, కణం ఎంత వేగంగా పెరగగలదో ఈ మోడళ్లు లెక్కగడతాయి. చిక్కేమిటంటే, ఆ లెక్కలో జన్యువులన్నీ ఎప్పుడూ పనిలో ఉన్నట్టే. ఆక్సిజన్ అందని చోట నక్కిన క్రిమికీ, ల్యాబ్‌లో హాయిగా పెరిగే క్రిమికీ మోడల్‌లో తేడా కనబడదు.

ఆ తేడాను చూపేది జన్యు వ్యక్తీకరణ డేటా, అంటే ఏ జన్యువు నుంచి ఎంత ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి వాడే జన్యువు నకలు) వస్తోందన్న కొలత. 2009లో వచ్చిన ఈ-ఫ్లక్స్ పద్ధతి నాకు చాలా ఇష్టం. కాలువ తూము ఎంత తెరిచారో తెలిస్తే గరిష్ఠంగా ఎన్ని నీళ్లు పారగలవో చెప్పవచ్చు, నిజంగా ఎన్ని పారుతున్నాయో చెప్పలేం. ఈ-ఫ్లక్స్ డేటాని అలా ఒక్కో రసాయన చర్య వేగానికి పై హద్దుగానే వాడింది. మందులు, వాటి కలయికలు, పోషకాలు కలిపి 75 రకాల పరిస్థితుల డేటా ఇస్తే, కొవ్వు ఆమ్లాల తయారీని ఆపుతాయని అప్పటికే తెలిసిన ఎనిమిది మందుల్లో ఏడింటిని పట్టేసింది!

అయితే 2014లో ఇలాంటి పద్ధతులు చాలావాటిని ఈ.కోలి బాక్టీరియాలోనూ, ఈస్ట్‌లోనూ కొలిచిన చర్యల వేగాలతో పోల్చి చూశారు. అన్నిచోట్లా గెలిచిన పద్ధతి ఒక్కటీ లేదు. చాలాసార్లు ఏ డేటా లేని మామూలు లెక్కే వాటికి సమానంగానో, ఇంకా మెరుగ్గానో వచ్చింది. ఎంజైమ్ అంటే ప్రోటీనే; ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువైనంత మాత్రాన ప్రోటీన్ ఎక్కువవ్వాలని లేదు. ప్రోటీన్ ఉన్నా, దాని వేగాన్ని కణంలోని ఇతర పదార్థాలు పెంచుతాయి, తగ్గిస్తాయి. 2017లో ఈస్ట్ మీద వచ్చిన గెక్కో పద్ధతి అందుకే ఎంజైమ్ పరిమాణాన్నీ, పనివేగాన్నీ లెక్కలోకి తెచ్చింది. నా మొగ్గు అటే.

ఈ పనిలోకి రావాలనుకునే విద్యార్థులకు ఒక్కటే మనవి. డేటా పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి మోడల్ నడపండి. రెండింటినీ కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) జాడ పట్టి కణంలో కొలిచిన ప్రవాహాలతో, అంటే చర్యల అసలు వేగాలతో పోల్చండి. డేటా వల్ల ఫలితం మెరుగుపడకపోతే ఆ సంగతి కూడా పేపర్‌లో రాయండి.