రికవరీ ఫోన్ వచ్చిందా? ముందు కాగితం అడగండి

[స్క్రీన్ మీద: విజయవాడ ఆటోనగర్. స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ మీద ఫోన్ మోగుతోంది. తెలియని నంబరు.]

ఫోన్‌లో గొంతు: "సార్, మీ పర్సనల్ లోన్ నాలుగు నెలల నుంచి పెండింగ్. సాయంత్రం ఐదింటికల్లా నేనిచ్చే నంబరుకి ఇరవై వేలు ఫోన్‌పే కొట్టండి. లేదంటే రేపు పొద్దున పోలీసులు మీ షాపుకొస్తారు. తర్వాత మీ ఇష్టం."

[యాంకర్ ఫ్రేములోకి]

నమస్కారం. ఇలాంటి ఫోన్ మీకో మీ ఇంట్లోవాళ్లకో వచ్చే ఉంటుంది, అందుకే ఈ వీడియో తెరిచారు. ముందే ఒక మాట. తీసుకున్న అప్పు తీర్చాల్సిందే. ఎగ్గొట్టే కిటుకులు కావాలనుకునేవాళ్లకి ఇందులో ఏమీ దొరకదు. కానీ ఆ ఫోన్‌లో చెప్పిన మూడు మాటల్లో మొదటిదొక్కటే నిజం కావచ్చు. వాయిదాలు తప్పాయి, సరే. ఏజెంట్ సొంత నంబరుకి డబ్బు పంపమనడం తప్పు. వాయిదా కట్టకపోతే మర్నాడు పోలీసులొస్తారనేది అబద్ధం.

ఈ వీడియో మొత్తానికి నేను చెప్పేది ఒకటే. వ్యవహారాన్ని ఫోన్ మీంచి కాగితం మీదికి దించండి. ఫోన్‌లో నోరున్నవాడిదే రాజ్యం. కాగితం మీదికొస్తే అవతలివాడు కూడా లెక్క చెప్పాలి.

[స్క్రీన్ మీద: అసలు ఫోన్ చేసేది ఎవరు?]

ముగ్గురిలో ఒకరై ఉండాలి. మొదటిది రికవరీ ఏజెన్సీ. అప్పు ఇంకా బ్యాంకుదే, వసూలు పని మాత్రం వీళ్లకి అప్పజెప్పింది. వీళ్ల దగ్గర బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరూ, ఐడీ కార్డూ ఉండాలి. రెండోది అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ, మనవాళ్లు ఏఆర్‌సీ అంటారు. వీళ్లు మీ బాకీని బ్యాంకు దగ్గర కొనేసుకున్నారు. ఇప్పుడు బాకీ వీళ్లకే కట్టాలి. అయితే అప్పు తమకి బదిలీ అయినట్టు కాగితం చూపించాలి. పాత బ్యాంకుకి మెయిల్ పెట్టి కూడా ఖాయం చేసుకోండి. మూడోవాడు దొంగ. మీ లోన్ వివరాలు ఎక్కడో సంపాదించి, "ఈరోజే సెటిల్ చేస్తే సగం మాఫీ" అంటాడు. గొంతు వింటే ముగ్గురూ ఒకేలా ఉంటారు, కాగితం అడిగితేనే తేడా తెలుస్తుంది.

కాబట్టి మీ సమాధానం ఇలా ఉండాలి:

"బాబూ, మీ పేరు, ఏజెన్సీ పేరు, నా లోన్ అకౌంట్ నంబరు చెప్పండి. ఆథరైజేషన్ లెటరూ, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఛార్జీలు ఎంత అనే స్టేట్‌మెంటూ మెయిల్‌కి పంపండి. చూసుకుని మెయిల్‌లోనే సమాధానం ఇస్తాను."

అంతే, పెట్టేయండి. పెళ్లి ఖర్చుల కథ, మిర్చి రేటు పడిపోయిన కథ ఏజెంటుకి చెప్పకండి. అతను వినడు, పైగా మీరెక్కడ మెత్తబడతారో పట్టుకుంటాడు. అతనికీ పై నుంచి టార్గెట్ ఉంటుంది పాపం, కానీ ఆ బరువు మీరు మోయక్కర్లేదు. బూతులకి బూతులూ వద్దు. కాల్ రికార్డు చేసుకోండి.

[స్క్రీన్ మీద: ఉదయం 8 – సాయంత్రం 7]

2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా, వాళ్ల ఏజెంట్లైనా బాకీ కోసం ఉదయం 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. ఇంట్లోవాళ్లనీ, స్నేహితుల్నీ, లోన్ ఫారంలో రిఫరెన్సుగా రాసినవాళ్లనీ వేధించకూడదు. ఏజెంటు తప్పు చేస్తే బాధ్యత బ్యాంకుదే. "అది ఏజెన్సీ వాళ్లు చేశారండీ" అని బ్రాంచిలో చేతులు దులుపుకుంటే కుదరదు. డ్వాక్రా తరహాలో గ్రూపుగా తీసుకునే మైక్రోఫైనాన్స్ అప్పులకైతే వేళలు ఇంకా తక్కువ. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే.

మీ బావమరిదికి ఫోన్ చేసి "మీవాడు బాకీ కట్టట్లేదు" అనడం కూడా తప్పే. ఆయన హామీ సంతకం పెట్టి ఉంటే లెక్క వేరు. హామీదారుకి అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యత ఉంటుంది, బ్యాంకు నేరుగా ఆయన మీదికే వెళ్లగలదు. మొహమాటానికి పెట్టే సంతకం ఎంత ఖరీదో చాలామందికి అప్పుడే తెలుస్తుంది. తండ్రి అప్పు గురించి కూడా తరచూ అడుగుతుంటారు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మీకు ఎంత వచ్చిందో అంతవరకే మీ బాధ్యత. ఆస్తేమీ రాకపోతే మీ సొంత జీతంలోంచి కట్టమనే హక్కు ఎవరికీ లేదు.

[స్క్రీన్ మీద: జైలు]

ఇక్కడ కాస్త నిదానంగా వినండి. అసలు టెన్షనంతా ఈ మాట దగ్గరే.

వాయిదా కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. బ్యాంకు కోర్టులో దావా వేయాలి, డిక్రీ, అంటే బాకీ కట్టమనే కోర్టు తీర్పు తెచ్చుకోవాలి, అప్పుడు అమలు చేయించుకోవాలి. డిక్రీ వచ్చినా జీతం మొత్తం పట్టుకుపోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకి అందవు. పాతిక వేల జీతం అనుకుందాం. వెయ్యి పక్కన పెడితే 24,000. అందులో మూడో వంతు, అంటే 8,000 వరకే జప్తు చేయగలరు. "రేపటి నుంచి నీ జీతం మొత్తం మాదే" అనేవాడికి ఈ లెక్క తెలియదు, లేదా మీకు తెలియదని అతని ధైర్యం.

వాట్సాప్‌లో గుండ్రటి ముద్రతో "అరెస్ట్ వారెంట్" అని వచ్చిందా? రికవరీ ఏజెంటు వారెంటు ఇవ్వలేడు, లాయరూ ఇవ్వలేడు. అది కోర్టు పని. దాన్ని డిలీట్ చేయకండి, సాక్ష్యంగా దాచుకోండి.

అయితే భయపడాల్సిన చోటు ఒకటుంది. మీరిచ్చిన చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటో డెబిట్ డబ్బుల్లేక వెనక్కి పోయినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అలాంటి కేసే. రెండింటికీ రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కేసుకి ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది మీ చేతికి అందిన తర్వాత డబ్బు కట్టడానికి మీకు 15 రోజుల గడువు ఉంటుంది. ఆ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వస్తే "తీసుకోను" అని తిప్పి పంపకండి. తిప్పి పంపితే అందనట్టు కాదు. కోర్టు సమన్లూ అంతే. మీరు వెళ్లకపోతే అవతలివాళ్లు చెప్పిన లెక్కే ఖాయమై ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది.

లాయరుకి డబ్బు లేదంటారా? 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ అది. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఉచితంగా లాయర్ని పెడతారు.

[స్క్రీన్ మీద: ప్రోనోటు వెనకాల రాసిన చెల్లు]

మన ప్రాంతంలో అప్పంటే బ్యాంకు ఒక్కటే కాదు కదా. నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాయడం ఇటు కొత్తపేట నుంచి అటు వన్‌టౌన్ దాకా మామూలే. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పది రూపాయలంటే 120 శాతం. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్ మనీ, అంటే ఫోన్ కొడితే అధిక వడ్డీకి అప్పిచ్చే వ్యవహారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఖాళీ ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు చేతిలో ఉంటే అప్పిచ్చినవాడు ఎంత దూరం వెళ్లగలడో అప్పుడు చూశాం. కాల్ మనీవాడి మీద రిజర్వ్ బ్యాంకుకి ఫిర్యాదు చేసే దారి లేదు, నేరుగా పోలీస్ స్టేషనే. కార్డు బాకీ తీర్చడానికి అటు వెళ్లడం మాత్రం, నన్నడిగితే, చేయకూడని పనుల్లో మొదటిది.

ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ లోపు ఎంతో కొంత కట్టి, వెనకాల చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. పర్సనల్ లోనుకీ, క్రెడిట్ కార్డుకీ ఈ గడువు పెట్టే లిమిటేషన్ చట్టమే వర్తిస్తుందని మాత్రం తట్టదు. ఎప్పుడో వదిలేసిన కార్డు గురించి ఏఆర్‌సీ నుంచి ఫోన్ వచ్చి, "వెయ్యి కట్టండి చాలు, బాకీ ఉన్నట్టు ఒక మెయిల్ పెట్టండి" అంటే తొందరపడకండి. ముందు చివరిసారి ఎప్పుడు కట్టారో, ఏ తేదీన ఏం సంతకం పెట్టారో చూసుకోండి. గడువు దాటితే కోర్టులో వసూలు చేసుకునే హక్కు పోతుంది. అప్పు మాయమైపోదు, సిబిల్ రిపోర్టులోంచీ చెరిగిపోదు. కానీ గడువు దాటాక కూడా "కడతాను" అని రాసిచ్చి సంతకం పెడితే అది కొత్త ఒప్పందమే.

[స్క్రీన్ మీద: ఏది ముందు కట్టాలి?]

ఇంటద్దె, పిల్లల ఫీజులు, మందులు పక్కన పెట్టాక మిగిలేదే అప్పులకి. మిగిలినదాంట్లో ముందు తాకట్టు ఉన్నవి. బంగారం వేలానికి పోతుంది, మీకు అన్నం పెట్టే ఆటోనో ట్రక్కునో పట్టుకుపోతారు. కార్డు, పర్సనల్ లోన్ ఆ తర్వాత. ఎక్కువ అరిచేవాడికి ముందు కట్టడం మనకి అలవాటు. ఎక్కువ అరిచేది సాధారణంగా మీ వస్తువేదీ చేతిలో లేనివాడే.

కార్డు మీద మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోతే చాలనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. బాకీ 80,000. చాలా కార్డుల్లో నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ ఉంటుంది. అంటే 2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 504. మీరు 4,000 కడితే అసలులో తగ్గేది 696 రూపాయలు. అందుకే కార్డు వాడకం ఆపి, బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని మూడు నెలలు దాటకముందే బ్యాంకుని అడగాలి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయిపోతుంది, ఆ తర్వాత బ్రాంచి మేనేజరు చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు. ఇంకొకటి, బాకీ ఉన్న బ్యాంకులోనే మీ జీతం పడుతుంటే బ్యాంకు అందులోంచి మినహాయించుకునే ప్రమాదం ఉంది. జీతం ఖాతా వేరే బ్యాంకుకి మార్చుకోండి.

సెటిల్‌మెంట్ అంటే మొత్తం బాకీకి తక్కువ కట్టి ముగించుకోవడం. అప్పిచ్చిన సంస్థ లెటర్‌హెడ్ మీద లోన్ నంబరు, ఎంత, ఎప్పటిలోగా, మిగతాది వదిలేస్తున్నారు అనేవన్నీ రాసిస్తేనే కట్టండి. డబ్బు లోన్ ఖాతాకే వెళ్లాలి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్టూ, మీరిచ్చిన ఖాళీ చెక్కులూ వెనక్కి తీసుకోండి. సిబిల్‌లో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది, కొత్త లోన్ కష్టమవుతుంది. ఆ సంగతి ఏజెంటు చెప్పడు. చేతిలో మొత్తం డబ్బు ఉంటే పూర్తిగా కట్టేయడమే నయం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చుని కూడా తేల్చుకోవచ్చు. అక్కడి అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదు కాబట్టి కట్టగలిగిన అంకెకే ఒప్పుకోండి. ఫీజు తీసుకుని "మేం సెటిల్ చేయిస్తాం, మీరు ఈఎంఐలు ఆపేయండి" అనే మధ్యవర్తుల జోలికి వెళ్లకండి. కేసు వచ్చేది వాళ్ల మీద కాదు.

"ఐపీ పెట్టేస్తే పోలా?" అనేవాళ్లు, అంటే దివాలా పిటిషన్ వేద్దామనేవాళ్లు గుంటూరులో ప్రతి సెంటర్లో ఒకరుంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఇంకా ఉంది, పిటిషన్ వేయవచ్చు. కానీ అది మంత్రం కాదు. ఆస్తులన్నీ కోర్టు ముందు చెప్పాలి, అవి కోర్టు పెట్టే రిసీవరు చేతికి వెళ్తాయి. ముందు రోజు బావగారి పేరున రిజిస్టర్ చేసిన స్థలం కూడా బయటికొస్తుంది.

[స్క్రీన్ మీద: లోన్ యాప్]

యాప్‌లో తీసుకున్నారా? రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లిస్టు ముట్టుకోకూడదు. ఫొటో మార్ఫింగ్ చేసి బంధువులకి పంపుతామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు తీసి వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అలాంటి వాడికి కట్టినకొద్దీ మళ్లీ అడుగుతాడు. ఇంట్లో ఎవరో ఒకరికి ఈరోజే చెప్పండి. తెలిస్తే తిడతారేమో, తిట్టనివ్వండి. బతకాలనిపించడం లేదన్నంత బరువుగా ఉంటే 14416కి చేయండి, ప్రభుత్వ టెలీ మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు.

[స్క్రీన్ మీద: ఫిర్యాదు మెయిల్]

వేధింపు ఆగకపోతే పంపాల్సిన మెయిల్ ఇది. పాజ్ చేసి రాసుకోండి.

"నా లోన్ ఖాతా నంబరు ఇది. మీ తరఫున ఫలానా తేదీ రాత్రి 9 గంటలకు ఈ నంబరు నుంచి ఫోన్ చేసి బెదిరించారు. మా అన్నయ్యకు కూడా ఫోన్ చేశారు. రికార్డింగ్ జత చేశాను. బాకీ వివరం, ఏజెన్సీ ఆథరైజేషన్ కాపీ పంపండి. నేను నెలకు ఇంత కట్టగలను. ఇకపై రాతపూర్వకంగానే సంప్రదించండి."

ఇది సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకి వెళ్లాలి, పేరూ మెయిలూ వాళ్ల వెబ్‌సైట్లో ఉంటాయి. కంప్లయింట్ నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టాలి, రూపాయి ఫీజు లేదు, సందేహాలకి 14448. నేరుగా అక్కడికే వెళ్తే మాత్రం "ముందు బ్యాంకుకి రాశారా?" అని తిప్పి పంపుతారు. కాబట్టి మెయిల్ ఈ రాత్రికే పంపండి, 30 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.