ప్యాకేజీ ధరలో కలవని ఖర్చులు: ప్లాస్టిక్ సర్జన్‌తో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: విదేశాలలో సౌందర్య శస్త్రచికిత్సలు చేయించుకోదలచిన వారి సందేహాలకు ప్లాస్టిక్ సర్జన్ డాక్టరుగారు స్టూడియో నుంచి సమాధానమిస్తున్నారు. గుంటూరు నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరుగారూ. రెండు కాన్పుల తర్వాత నా పొట్ట బాగా జారిపోయింది. పొట్ట బిగించే ఆపరేషన్, అదే టమ్మీ టక్ కోసం బ్యాంకాక్ వెళ్దామనుకుంటున్నాము. ఆపరేషన్, ఆరు రాత్రుల హోటల్, పట్టాయా యాత్ర అన్నీ కలిపి ఐదు లక్షలని ఏజెంటు చెప్పారు. టికెట్లతో కలిపి ఆరు లక్షలు సరిపోతాయా అండీ?

డాక్టర్: సరిపోవమ్మా. పట్టాయా యాత్ర అనగానే ఆ ఏజెంటుకు ఈ ఆపరేషన్ గురించి ఎంత తెలుసో నాకు అర్థమైంది. వదులైన చర్మం తీసేసి, విడిపోయి దూరం జరిగిన కండరాలను దగ్గరకు లాగి కుట్టాక మనిషి కొన్నాళ్లు నిటారుగా నిలబడలేదు, నడుము వంచుకునే నడవాలి. లోపల చేరే ద్రవం బయటికి పోవడానికి చాలామందికి డ్రెయిన్ గొట్టాలు పెడతారు. వాటి చివరి బుడ్డిలో చేరిన ద్రవాన్ని రోజూ మిల్లీలీటర్లలో కొలిచి రాసుకోవాలి, అది బాగా తగ్గేదాకా గొట్టాలు తీయరు. ఆరో రోజుకు తగ్గకపోతే హోటల్ ఖర్చు ఎవరిది? కాబట్టి ఇద్దరికీ కనీసం పన్నెండు రోజుల బస, భోజనం లెక్క వేసుకోండి.

శ్రోత: మావారికి అన్ని రోజులు సెలవు దొరకదండీ.

డాక్టర్: అయితే మీ అమ్మగారినో అక్కచెల్లెళ్లలో ఒకరినో తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చాక కూడా సుమారు ఆరు వారాలు బరువులెత్తకూడదు, చంటిబిడ్డను కూడా ఎత్తుకోకూడదు. ఆ రోజుల్లో పనిమనిషికిచ్చే జీతం కూడా ఈ ఆపరేషన్ ఖర్చే.

శ్రోత: ఏదైనా తేడా వస్తే ఇన్సూరెన్సు ఇస్తుందా?

డాక్టర్: మామూలు ప్రయాణ బీమా సాధారణంగా సౌందర్య శస్త్రచికిత్సకు గానీ, దానివల్ల వచ్చే ఇబ్బందులకు గానీ వర్తించదు. అసలు డబ్బు పోయేది ఇక్కడే. మళ్లీ సరిచేయవలసి వస్తే సర్జన్ తన ఫీజు వదులుకున్నా, ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, మళ్లీ విమానం ఖర్చులు మీవే అవుతాయి. మొత్తంలో మూడో వంతు ముట్టకుండా పక్కన పెట్టగలిగితేనే బయలుదేరండి, లేకపోతే ఏడాది ఆగడం మేలని నా అభిప్రాయం. ఇంకొకటి, అక్కడి సర్జన్ మిమ్మల్ని పరీక్షించి ఆపరేషన్ వద్దంటే అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారో ఏజెంటును కాదు, ఆసుపత్రినే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

శ్రోత: ఆసుపత్రికి జేసీఐ గుర్తింపు ఉందన్నారండీ.

డాక్టర్: మంచిదే. జేసీఐ అంటే ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ. బ్యాంకాక్‌లోని బుమ్రున్‌గ్రాడ్ ఆసుపత్రికి 2002లోనే ఆ గుర్తింపు వచ్చింది. అయితే అది ఆసుపత్రికి ఇచ్చేదే తప్ప మీ పొట్ట మీద కత్తి పెట్టే మనిషికి ఇచ్చేది కాదు. సర్జన్ పేరు అడిగి, థాయిలాండ్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉన్నారో లేదో చూసుకోండి.

శ్రోత: తిరుగు టికెట్టు ఇప్పుడే కొనవచ్చా?

డాక్టర్: తేదీ మార్చుకోవడానికి వీలున్నదే కొనండి, ధర కాస్త ఎక్కువైనా పరవాలేదు. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, విమానంలో కదలకుండా కూర్చుంటే అది పెరుగుతుంది. సర్జన్ ప్రయాణించవచ్చని రాసిచ్చాకే బయలుదేరండి. వెళ్లేముందే గుంటూరులోనో విజయవాడలోనో ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను కలిసి, తిరిగి వచ్చాక కుట్లు చూస్తారో లేదో అడగండి. మరొకరు చేసిన ఆపరేషన్‌ను చూడటానికి అందరూ ఒప్పుకోరమ్మా.