కొండ పొలాల గట్ల మీద భీమల్ చెట్లు ఎందుకుంటాయి?

(దృశ్యం: ఉత్తరాఖండ్ కొండల్లో మెట్లు మెట్లుగా దిగే పొలాలు, గట్ల వెంట చెట్లు)

ఈ గట్ల మీద కనిపిస్తున్న చెట్టు పేరు భీమల్. హిమాచల్‌లో బ్యూల్ అంటారు, శాస్త్రీయ నామం గ్రీవియా ఆప్టివా. దీని గురించి ఎక్కడ చదివినా మేత, నార, వంటచెరకు అంటూ ఉపయోగాల చిట్టా ఒకటి ఉంటుంది కానీ, నన్నడిగితే దీని ఆకు ఏ కాలంలో దొరుకుతుందన్నదే అసలు సంగతి.

వానాకాలంలో కొండల్లో గడ్డికి లోటుండదు. చలి ముదిరాక అదంతా ఎండిపోతుంది, పశువులకు మాత్రం రోజూ కడుపు నిండాలి కదా! ఆ రోజుల్లో కూడా భీమల్ పచ్చగానే ఉంటుంది, ఆకు రాల్చేది చలి వెళ్లాకే. కొమ్మలు కొట్టి ముందు పడేస్తే పశువులు ఇష్టంగా తింటాయి. చెట్టు పొలం గట్టు మీదే ఉంది కాబట్టి ఆ మేరకు అడవిదాకా ఎక్కి, మోపు నెత్తిన పెట్టుకుని దిగే బాధ తప్పుతుంది. ఆ మోపు మోసేది ఎక్కువగా ఆడవాళ్లేనని వేరే చెప్పాలా? ఇంకోటి, సరిగ్గా కొమ్మలు కొట్టే టైముకే కింద గోధుమ పైరు ఉంటుంది, నీడ తగ్గి దానికి ఎండ తగులుతుంది.

(దృశ్యం: నీళ్లలో రాళ్ల కింద నానుతున్న కొమ్మల కట్టలు)

ఆకు తినేశాక కొమ్మలు పారేయరు. ఎండబెట్టి, కట్టలు కట్టి, తేలిపోకుండా పైన రాళ్లు పెట్టి వారాల తరబడి నీళ్లలో ఊరేస్తారు. గోగునార తీసినట్టే. బెరడు కుళ్లి మెత్తబడ్డాక బయటికి తీసి, బాది, కడిగితే నార పోగులు విడివడతాయి. వాటితో పలుపుతాళ్లు పేనుతారు, అంటే ఏ చెట్టు ఆకు తిన్న ఆవుని ఆ చెట్టు నారతోనే కట్టేస్తారన్నమాట! మిగిలిన పుల్లలు పొయ్యి రాజేయడానికి. పచ్చి బెరడు జిగురుతో తలస్నానం కూడా చేస్తారు.

(దృశ్యం: నాగాలాండ్, ఖొనోమా కొండవాలు)

ఇక్కడ అంగామీ నాగా తెగ రైతులు ఆల్డర్ చెట్టుతో వేరే పని చేయించుకుంటారు. ఇది నేలకి నత్రజనినిచ్చే పప్పుజాతి కాదు, అయినా దీని వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉండి గాలిలోని నత్రజనిని నేలకి చేరుస్తుంది. అందుకే పోడు కొట్టేటప్పుడు దీన్ని మొదలంటా నరకరు, మొండెం వదిలేసి పై కొమ్మలే కొడతారు. ఆ కొమ్మలు వంటచెరకు, రాలిన ఆకు ఎరువు. పంటలు తీసుకుని నేలని బీడు వదిలాక ఆ మొండేలే మళ్లీ కొమ్మలేస్తాయి, కొత్తగా నాటే పని లేదు.

భీమల్‌తో ఇబ్బంది లేదా అంటే ఉంది. ఏటా ఆకు మిగల్చకుండా నరికితే చెట్టు నీరసిస్తుంది. నాటగానే మేత కూడా రాదు, మొదటి కొన్నేళ్లు కత్తి పెట్టకూడదు, పైగా లేత మొక్కని మేకలు వదలవు కాబట్టి చుట్టూ ముళ్లకంప వేసి కాపాడుకోవాలి.