రీసైకిల్ అనే మాటలో దాగిన చక్రం

[తెర మీద: పాత చీరలతో కుట్టిన బొంత. రెండు చేతులు దాన్ని మడత విప్పుతాయి.]

ఇది మా అవ్వ కుట్టిన బొంత. పైన ఆమె నేతచీర, లోపల మూడు నాలుగు పాత పంచెలు. మొన్న తిరుపతిలో మా పక్కింటి పాప దీన్ని చూసి, "ఇది రీసైకిల్ చేసిందా ఆంటీ?" అని అడిగింది. అవునని చెప్పబోయి ఆగిపోయాను. ఇది రీసైకిల్ కాదు మరి. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ మాట పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

'రీ' అంటే లాటిన్‌లో మళ్లీ అని. 'సైకిల్' వచ్చింది గ్రీకులోని 'కుక్లోస్' నుంచి. కుక్లోస్ అంటే చక్రం. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'చక్రం' దానికి స్వయానా తోబుట్టువు. రెండింటికీ ఒకటే వేరు, ప్రాచీన ఇండో-యూరోపియన్ భాషలోది. ఇంగ్లిష్ 'వీల్' కూడా ఆ ఇంటి బిడ్డే. అంటే శ్రీవారి చక్రం, మనం తొక్కే సైకిలు, చెత్తడబ్బా మీది రీసైకిల్, అన్నీ చుట్టాలే! ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

[తెర మీద: రీసైక్లింగ్‌ను సూచించే మూడు బాణాల గుర్తు]

ఈ మాట మొదట వాడింది చెత్త గురించి కాదు. 1920లలో చమురు శుద్ధి చేసేవాళ్లు, ఒకసారి యంత్రంలోంచి వచ్చిన చమురులో కొంత భాగాన్ని మళ్లీ అందులోకే పంపడాన్ని రీసైకిల్ అన్నారు. పారేసిన వస్తువును మళ్లీ పనికొచ్చేలా మార్చడం అనే అర్థం 1960లలో వచ్చింది. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీ కోసం ఈ మూడు బాణాల గుర్తు గీశాడు.

[తెర మీద: గోలీసోడా సీసా]

సోడా తాగేసి సీసా వెనక్కిస్తాం. కడిగి మళ్లీ నింపుతారు. అది రీయూజ్, పునర్వినియోగం. అదే సీసా పగిలి, ఆ గాజు కొలిమిలో కరిగి కొత్త సీసా అయితే రీసైకిల్. అంటే వస్తువు తన రూపం పోగొట్టుకుని ముడిసరుకు కావాలి.

మరి మా అవ్వ బొంత? చీర కరగలేదు, పీచు కాలేదు. చీరగానే ఉండి, ఇంకా విలువైన పనికి వచ్చింది. దానికి ఇంగ్లిష్‌లో 'అప్‌సైకిల్' అనే మాట ఉంది. 1994లో రైనర్ పిల్జ్ అనే జర్మన్ ఇంజనీరు బాధపడ్డాడు: ఇటుకలను పగలగొట్టి రీసైక్లింగ్ అంటున్నారు, అది విలువ దించడమే, మనకు కావాల్సింది విలువ పెంచే అప్‌సైక్లింగ్ అని. ఆయన బాధ న్యాయమైనదే అనిపిస్తుంది నాకు.

మన ఊళ్లోనే చూడండి. టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో 2021 సెప్టెంబరులో అగరబత్తీలు తెచ్చారు. ఏడుకొండలకు గుర్తుగా ఏడు రకాలు. పూలను ఎండబెట్టి పొడి చేస్తారు కాబట్టి రీసైకిల్ అన్నా తప్పు లేదు. వాడిపోయిన పువ్వు మళ్లీ పరిమళమై పూజగదికి చేరుతోంది కదా, నేను మాత్రం అప్‌సైకిల్ అనే అంటాను.

[తెర మీద: బొంత కుట్లు, దగ్గరగా]

పాపకు చివరికి ఇలా చెప్పాను: "ఈ బొంత పూర్తిగా చిరిగిపోయాక పీచు పీచుగా ఏకి, మళ్లీ నూలు వడికితే అప్పుడు రీసైకిల్ అవుతుందమ్మా." ఆ పాప కుట్టు మీద వేలు పెట్టి లాగి చూసింది. ఊడలేదు.